రాతి పనికి ముందు: చిన్న ఊళ్ల పాత కట్టడాలు, ప్రణాళికకు ఇచ్చే నిధులు

  ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు చరిత్రకారులుగా పేరు మోసినవారు కారు. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పారు. వేసవి సెలవుల్లో పిల్లల చేతికి టేపు ఇచ్చి ఊళ్లోని పాత ఇళ్లకూ సత్రానికీ కొలతలు తీయించారు, నోటుపుస్తకాల్లో పటాలు గీయించారు. ఆయన జీతం లేకుండా చేయించిన ఆ పనికి కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు ప్రత్యేకించి నిధులు కేటాయిస్తాయి. చిన్న ఊళ్లలోని చారిత్రక కట్టడాల పరిరక్షణకు ముందు జరగవలసిన ఆలోచనకు, అంటే ప్రణాళికకు, ఇచ్చే గ్రాంటు గురించి ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను.

పాత కట్టడాలు డబ్బు లేక కూలిపోతున్నాయని అందరూ అంటారు. కొంతవరకు నిజమే. అయితే చిన్న ఊళ్లలో నేను చూసినంతలో, పట్టించుకునేవారు లేక పోయిన కట్టడాలు ఎన్ని ఉన్నాయో, ఉన్నట్టుండి డబ్బు వచ్చిపడి పోయినవీ అన్ని ఉన్నాయి. ఒక పాత తాలూకా కచేరీ సంగతి చెబుతాను. గానుగ సున్నంతో కట్టిన రెండడుగుల మందపు ఇటుక గోడలు, టేకు దూలాల మీద మిద్దె. ఉత్తరపు గోడ అడుగున చెమ్మ చేరి పెచ్చులూడుతుండేది. ఒక ఏడాది మరమ్మతుకు నిధులు మంజూరయ్యాయి, మార్చి 31లోగా ఖర్చు చూపాలి. పాత సున్నం గీకేసి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు పూత పూశారు. లోపల నేలకు టైల్సు పరిచారు. బయట రంగు వేశారు. చూడ్డానికి బాగుంది.

సున్నపు పూత ఉన్నన్నాళ్లూ గోడలోని తేమ దాని గుండా ఆవిరై బయటికి పోయేది. సిమెంటు ఆ దారి మూసింది. తేమ పైకి పాకింది. రెండు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు పూత పై అంచు వెంట తెల్లటి ఉప్పు పొంగింది, దాని మీది ఇటుక వేలితో తాకితే పొడిగా రాలింది. గోడ బలం తప్పిందని రాశారు, కట్టడం శిథిలమైందని తేల్చారు, కూల్చారు. నిజానికి చెమ్మ గోడలో పుట్టింది కాదు. వెనక ఉన్న రాతి కాలువ ఎప్పుడో పూడిపోయింది. ముందున్న రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోగా వీధి మట్టం కచేరీ పీఠం కంటే పైకి వచ్చింది. వాననీరు వెళ్లే చోటు లేక గోడ కిందే ఇంకింది. తెలిసినవాడు వానాకాలంలో ఒక పూట చుట్టూ తిరిగి చూస్తే తేలే విషయం ఇది. చూడ్డానికి ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. పూయడానికి ఇచ్చారు.

ప్రణాళికా గ్రాంటు ఆ చూడ్డానికి ఇచ్చే డబ్బు. దానితో కట్టడం కొలతలు తీస్తారు, పటాలు గీస్తారు, ఏ గది ఎప్పుడు కట్టారో పాత రికార్డుల్లో వెతుకుతారు. సున్నం, ఇటుక, కలప నమూనాలు పరీక్షిస్తారు. పగుళ్లలో పాతవేవో, ఇంకా పెరుగుతున్నవేవో తేలుస్తారు. వెంటనే చేయవలసింది, అయిదేళ్లలో చేయవలసింది, అసలు ముట్టుకోకూడనిది వేరుచేస్తారు. కట్టడాన్ని రేపు ఎవరు వాడతారు, ఎందుకు వాడతారు అన్నది ఊరితో మాట్లాడి రాస్తారు. అప్పుడు అంచనా వేస్తారు. మొత్తం పని ఖర్చులో ఇది చిన్న భాగం. చిన్న ఊరికి దొరకనిది సరిగ్గా ఈ చిన్న భాగమే. నగరంలో కట్టడానికి ప్రమాదం వస్తే న్యాయవాదులు, ఆర్కిటెక్టులు, విలేకరులు ఉంటారు. 2019లో హైదరాబాదులోని పాత ఎర్రమంజిల్ భవనం కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. అంత దూరం వెళ్లగలిగిందంటే ఆ కట్టడం గురించి రాసిపెట్టినవారు, వాదించగలిగినవారు ఉండబట్టే. ఇరవై వేల జనాభా ఉన్న పట్టణంలో కమిషనరు బల్ల మీద పెట్టడానికి ఒక పటం కూడా ఉండదు.

కాగితం మీది పని రాతి పనికంటే తక్కువదన్న చులకన మనలో ఉంది. మన చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1797 ప్రాంతంలో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అమరావతిలో బౌద్ధ స్తూపపు దిబ్బ దీపాలదిన్నె దగ్గరికి వచ్చేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నాడు. ఆ పనులకు స్తూపపు రాళ్లు తరలిపోతున్నాయి. మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, చిత్రకారులను పెట్టి, మిగిలిన ఫలకాలను ఒక్కొక్కటిగా గీయించాడు. ఆయన వెనక ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, దేశమంతా తిరిగి కైఫీయతులనే ఊళ్ల చరిత్రలూ శాసనాలూ పోగుచేశారు. బొర్రయ్య 1803లోనే చనిపోయాడు, తమ్ముళ్లు ఆ పని కొనసాగించారు. ఆ తర్వాత అమరావతి ఫలకాలు కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్ వెళ్లాయి, ఎన్నో జాడ లేకుండా పోయాయి. పోయిన ఫలకాలు ఈనాడు మనకు తెలిసింది ఆ బొమ్మల వల్లనే. మెకంజీ ఒక్క రాయిని నిలబెట్టలేదు. అయినా స్తూపం ఎలా ఉండేదో ఊహించదలచిన ప్రతి పండితుడూ ఆయన గీయించిన కాగితాల దగ్గరికి పోక తప్పదు.

ఇలాంటి ఆలోచనే అమెరికాలో 1933లో మరో రూపంలో వచ్చింది. ఆర్థిక మాంద్యపు కాలం, ఆర్కిటెక్టులకు పనుల్లేవు. జాతీయ ఉద్యానవనాల శాఖలో పనిచేస్తున్న చార్లెస్ పీటర్సన్ ఒక ప్రతిపాదన రాశాడు: నిరుద్యోగులైన వెయ్యి మంది ఆర్కిటెక్టులకు పది వారాల పని ఇచ్చి, దేశంలోని పాత కట్టడాల కొలతలు తీయించి పటాలు గీయిద్దాం. వారాల్లోనే అనుమతి వచ్చింది. హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అలా మొదలైంది. ఆ పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరాయి. వాళ్లు గీసినవాటిలో పేరున్న భవంతులతోపాటు ధాన్యపు కొట్లు, పిండిమరలు, పల్లె చర్చిలు, మామూలు ఇళ్లు ఉన్నాయి. వాటిలో ఎన్నో ఇప్పుడు నేలమీద లేవు. కరువు పనిగా చెరువు తవ్వించినట్టు, వాళ్లు ఆకలి రోజుల్లో పటాలు గీయించారు.

యుద్ధం తర్వాత ఆ దేశం తన పాత పట్టణాలను తానే కూలగొట్టుకుంది. 1949 గృహనిర్మాణ చట్టం కింద పట్టణ పునర్నవీకరణ, 1956 చట్టం కింద అంతర్రాష్ట్ర రహదారులు కలిసి ఊళ్ల నడిబొడ్డును ఖాళీ చేశాయి. న్యూయార్క్ పెన్సిల్వేనియా స్టేషన్ కూల్చివేత 1963లో మొదలైనప్పుడు చదువుకున్నవారికి దెబ్బ తెలిసింది. 1966 అక్టోబరు 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంపై సంతకం చేశాడు. జాతీయ రిజిస్టరు, ప్రతి రాష్ట్రంలో ఒక పరిరక్షణాధికారి, రాష్ట్రాలకు గ్రాంట్లు ఆ చట్టం నుంచి వచ్చాయి. 1976లో చేసిన సవరణ వాటికి ఒక నిధిని జోడించింది. తీరం అవతల సముద్రంలో చమురు, సహజవాయువు తవ్వకాలకు ఇచ్చే లీజుల రాబడి నుంచి ఏడాదికి 15 కోట్ల డాలర్ల వరకు ఆ నిధికి మళ్లించవచ్చునని రాశారు. తరిగిపోయే ఒక సంపద నుంచి కొంత తీసి, తరిగిపోకూడని మరో సంపదకు పెట్టడం అందులోని తర్కం. చట్టంలో రాసిన మొత్తం వేరు, కాంగ్రెస్ ఏటా విడుదల చేసింది వేరు. చాలా ఏళ్లు సగం కూడా రాలేదు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. 1980ల మొదట్లో కేంద్ర ఖర్చులకు కత్తెర పడినప్పుడు ఆ నిధిలో ఇటుకకూ సున్నానికీ ఇచ్చే భాగం దాదాపు ఆగిపోయింది. సర్వేకు, ప్రణాళికకు ఇచ్చే భాగం మిగిలింది. అప్పట్లో పరిరక్షణవాదులు దీన్ని పెద్ద నష్టంగా భావించారు. నష్టమే. కానీ వెనక్కి తిరిగి చూస్తే, చిన్న ఊళ్లు తమ దగ్గర ఏముందో లెక్క రాసుకున్నది ఆ పొదుపు రోజుల్లోనే. అంతకు ముందే, 1980 సవరణ, స్థానిక సంస్థలకు ఒక తలుపు తెరిచింది. ఊరు తన సొంత పరిరక్షణ నిబంధన చేసుకోవాలి, అర్హులతో ఒక సంఘం వేసుకోవాలి, కట్టడాల జాబితా నిర్వహించాలి, జనం మాట వినాలి. అలా చేసిన ఊరికి గుర్తింపు వస్తుంది. రాష్ట్రానికి వచ్చే నిధిలో కనీసం 10 శాతం ఆ గుర్తింపు పొందిన స్థానిక సంస్థలకు పంచి తీరాలి. ఇప్పుడు అలాంటివి రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటికి వచ్చే గ్రాంట్లు మన లెక్కలో పెద్ద మొత్తాలు కావు. ఒక వీధి సర్వే, ఒక టౌన్‌హాలు స్థితి నివేదిక, ఒక శిక్షణ తరగతి. నాకు ముఖ్యమనిపించేది మొత్తం కాదు, ఆ 10 శాతం విషయంలో రాష్ట్రాలకు ఇష్టాయిష్టాలు లేకపోవడం. దయగా ఇచ్చేది ప్రభుత్వం మారితే ఆగిపోతుంది, వాటాగా రాసింది అంత తేలిగ్గా ఆగదు.

కొలరాడో రాష్ట్రం కథ నైతికంగా చిక్కుముడి కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి. అక్కడ కొండల్లో సెంట్రల్ సిటీ, బ్లాక్ హాక్, క్రిపుల్ క్రీక్ అని మూడు పాత బంగారు గనుల ఊళ్లున్నాయి. గనులు మూతపడ్డాక జనం పోయారు, కట్టడాలు కుంగిపోతున్నాయి. ఊళ్లను నిలబెట్టడానికి ఆ మూడు చోట్ల పరిమిత జూదాన్ని అనుమతిద్దామని 1990 నవంబరులో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. 1991 అక్టోబరులో ఆటలు మొదలయ్యాయి. మొదట్లో పందెం 5 డాలర్లు మించకూడదు. జూదంపై పన్ను రాబడిలో 28 శాతం రాష్ట్ర చారిత్రక నిధికి వెళుతుంది. అందులో అయిదో వంతు ఆ మూడు ఊళ్లకు, మిగతాది రాష్ట్రమంతటికీ.

ఏ ఊళ్ల పేరు చెప్పి ఓట్లు అడిగారో ఆ ఊళ్ల రూపమే జూదం మార్చేసింది. పాత దుకాణాల ముఖాలు నిలిపి వెనకంతా కాసినోలు కట్టారు. బ్లాక్ హాక్‌లో పాత ఇళ్ల నెత్తిన బహుళ అంతస్తుల హోటళ్లు లేచాయి. స్థానికులకు కిరాణా కొట్టు దొరకని పరిస్థితి వచ్చింది. కాని ఆ రాబడి వందల మైళ్ల అవతల, జూదంతో సంబంధం లేని పొలాల ఊళ్లకు చేరింది. ఆ నిధి ఇచ్చే గ్రాంట్లలో ఒకటి ప్రత్యేకం. కట్టడం స్థితిగతుల అధ్యయనానికి 15,000 డాలర్ల వరకు ఇచ్చే ఆ గ్రాంటుకు పోటీ ఉండేది కాదు. అర్హత ఉంటే చాలు, సొంత వాటా నగదు తెమ్మని అడిగేవారు కారు. పని గ్రాంటుకు మాత్రం పోటీ ఉంటుంది, వాటా పెట్టాలి. ఈ తేడా వెనక లోతైన అవగాహన ఉంది. దరఖాస్తు రాయగలిగిన ఊరు అప్పటికే కొంత బలమున్న ఊరు. పోటీ పెడితే బలమున్నవారే గెలుస్తారు. అందుకని తొలి మెట్టు దగ్గర పోటీ తీసేశారు. ఆ అధ్యయనం చేతికొచ్చిన ఊరు రెండో మెట్టు దగ్గర నగరంతో సమానంగా నిలబడగలదు. జూదపు డబ్బు తీసుకోవడం సరైనదా అన్న ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆ తొలి మెట్టును కట్టిన పద్ధతి మాత్రం నేర్చుకోదగినది.

టెక్సాస్ మరో దారి పట్టింది. ఆ రాష్ట్రంలో 254 కౌంటీలు. ఒక్కొక్క కౌంటీ కేంద్రంలో ఒక న్యాయస్థాన భవనం ఉంటుంది, చాలాచోట్ల చౌకు మధ్యన, వాటిలో ఎన్నో పందొమ్మిదో శతాబ్దం చివర్లో పత్తి, పశువుల సొమ్ముతో పోటాపోటీగా కట్టుకున్నవి. 1998లో పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాటన్నిటినీ కలిపి దేశంలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. 1999లో రాష్ట్ర శాసనసభ 5 కోట్ల డాలర్లతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని మొదటి నిబంధన, కౌంటీ తన భవనానికి ఒక సమగ్ర ప్రణాళిక తయారు చేయించి రాష్ట్ర చారిత్రక సంఘం ఆమోదం పొందాలి. అది లేకుండా పునరుద్ధరణకు దరఖాస్తే చెల్లదు. జనాభా పలుచనైన కౌంటీలు కూడా ఆర్కిటెక్టును పిలిచి, అటక మీద ఏముందో, ఏ యుగంలో ఏ గోడ అడ్డం కట్టారో రాయించుకున్నాయి. నిధులు అందరికీ ఒకేసారి రాలేదు. కొన్ని కౌంటీలు ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. అయితే ఎదురుచూసే కాలంలో కప్పు మరమ్మతు చేయవలసి వచ్చినా, కిటికీ మార్చవలసి వచ్చినా, ఏది చేయకూడదో చెప్పే పుస్తకం ఒకటి కౌంటీ గుమాస్తా దగ్గర ఉంది. డబ్బు రాకముందే ప్రణాళిక పనిచేయడం మొదలుపెడుతుందని ఆ రాష్ట్రం చూపించింది. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగువారు వేలల్లో ఉన్నారు. చౌకులో కారు ఆపి ఆ భవనాల ముందు ఫొటోలు తీసుకునేవారు చాలామందే. వాటి వెనక ఉన్న ఆ దస్తావేజు మన ఊళ్లకు ఎక్కువ పనికొచ్చే వస్తువు.

మన దగ్గరికి వద్దాం. 1958 కేంద్ర చట్టం కింద దేశం మొత్తంలో రక్షిత కట్టడాలు సుమారు 3,700. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1960లో సొంత చట్టం వచ్చింది, తెలంగాణ 2017లో కొత్త చట్టం చేసుకుంది. ఈ చట్టాలు గుళ్లను, కోటలను, బౌద్ధ స్థలాలను చూస్తాయి. వాటి జాబితాలకు ఎక్కనివే చిన్న ఊళ్లలో ఎక్కువ: సత్రాలు, తాలూకా కచేరీలు, మిషన్ బడులు, వంతెన పక్క బంగళాలు, సంస్థానాల దివాణాలు, గ్రంథాలయాలు. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పుట్టింది, 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేశారు. వనపర్తి సంస్థానపు ప్రాసాదంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఇవి పేరున్నవి కాబట్టి చెప్పాను. పేరు లేనివి ప్రతి మండలంలో ఉన్నాయి.

మనకు పద్ధతి తెలియక కాదు. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా తవ్వి, పటాలు గీసి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ తూర్పు గట్టుకూ తరలించారు. శ్రీశైలం జలాశయం నీళ్లు వస్తున్నప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్లీ పేర్చారు. ప్రతి రాయికీ కాగితంలో ఒక చోటు లేకపోతే ఆ గుడి మళ్లీ లేచేది కాదు. నీళ్లు గడువు పెట్టాయి కాబట్టి మనం ముందు రాసుకున్నాం, తర్వాత ముట్టుకున్నాం. గడువు పెట్టే నీళ్లు లేనిచోట ఆ క్రమం తలకిందులవుతోంది.

తలకిందులైన క్రమానికి గుళ్ల జీర్ణోద్ధరణే పెద్ద ఉదాహరణ. ఇది చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు. దేవాదాయ చట్టం కింద సర్వశ్రేయోనిధి ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవాణి ట్రస్టు నుంచీ ఆలయాలకు డబ్బు వెళుతోంది. భక్తుల చందాలు వీటికి తోడు. ఇంత నిధి ప్రవాహం మరే పాత కట్టడానికీ లేదు. ఉద్దేశం మంచిదే. కాని రాతి మండపం మీది పాత సున్నపు కప్పుకు సిమెంటు కాంక్రీటు ఎక్కించడం, నాపరాయి తీసి నునుపైన గ్రానైటు పరచడం, శిల్పాలకు ఇసుక పిచికారీ కొట్టి ఉలి గుర్తులు చెరిపేయడం, శాసనం ఉన్న స్తంభానికి ఎనామిల్ రంగు వేయడం తరచూ చూస్తున్నాం. ఎవరూ చెడగొట్టాలని చేయలేదు. ఏది పాతదో, ఏది విలువైనదో రాసిన కాగితం పని మొదలయ్యేనాటికి లేదు. ఇచ్చే ప్రతి లక్షలో మొదటి అయిదు వేలు ఆ కాగితానికి వెళ్లి, అది వచ్చాకే మిగతాది విడుదలైతే చాలు. కొత్త నిధి అడగనక్కరలేదు.

దొరల గడీల సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో గడీ అంటే అందరికీ ఒకే జ్ఞాపకం కాదు. దాన్ని కట్టిన కుటుంబానికి అది వంశ గౌరవం, దాని ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన కుటుంబానికి వెట్టి. దోమకొండ కోట పరిరక్షణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది, పని నాణ్యత దృష్ట్యా అది తగినదే. కానీ అన్ని గడీలకూ అలాంటి యజమానులు లేరు, అన్ని ఊళ్లూ వాటిని నిలబెట్టాలని కోరుకోవు కూడా. నిలబెట్టాలా, వాడుక మార్చాలా, కొంత ఉంచి కొంత వదిలేయాలా అన్నది గ్రామసభలో తేలవలసిన విషయం. ఆ చర్చకు సమయం, మధ్యవర్తి, పాత కథలు చెప్పగల ముసలివాళ్ల మాటలు రికార్డు చేసే మనిషి కావాలి. వీటికయ్యే ఖర్చు ఏ మరమ్మతు పద్దులోనూ ఇమడదు. ప్రణాళికా గ్రాంటులో ఇముడుతుంది. అందుకే దాన్ని కేవలం ఇంజినీర్ల పద్దుగా చూడటం నాకు ఇష్టం ఉండదు.

ఇక అభ్యంతరాలు. మన దగ్గర నివేదికలకు కొదవా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. 2015 జనవరిలో కేంద్రం చారిత్రక నగరాల కోసం హృదయ్ పథకం తెచ్చింది. దేశంలో పన్నెండు నగరాలకు 500 కోట్ల రూపాయలు. మన వైపు నుంచి అమరావతి, వరంగల్ అందులో ఉన్నాయి. ప్రతి నగరానికీ ముందు ఒక ప్రణాళిక రాయాలన్నారు, మెచ్చుకోదగిన నిబంధన. 2019 మార్చితో పథకం ముగిసింది. నాలుగేళ్ల పథకంలో ప్రణాళికకూ పనికీ కలిపి దొరికే కాలం ఎంత? పైగా పథకం పన్నెండు చోట్లకు పరిమితం కావడం వల్ల, పదమూడో ఊరికి ఆ పద్ధతి అందలేదు. మామూలు ప్రాజెక్టు నివేదికల, అంటే డీపీఆర్‌ల, తీరు ఇంకా అధ్వానం. దూరపు నగరంలో ఎవరో ఇంగ్లీషులో రాస్తారు, ఒక ఊరి వర్ణన మరో ఊరికి అతికిస్తారు, చివర్లో లైటింగు, పార్కింగు, ఫుడ్‌కోర్టు ఉంటాయి. ఊరి మేస్త్రీ ఆ పుస్తకం చూడడు. చూసినా చదవలేడు. అలాంటి నివేదికలు ఇంకో వంద రాయించమని నేను కోరడం లేదు.

గ్రాంటు ఎవరి చేతికి వెళుతుందన్నదాన్ని బట్టి నివేదిక మారుతుంది. మున్సిపాలిటీకో, పంచాయతీకో, గ్రంథాలయ సంఘానికో నేరుగా వస్తే, ఆర్కిటెక్టు వాళ్లకు జవాబు చెప్పాలి. నివేదిక తెలుగులో ఉండాలి. పటాల మీద కొలతలు అడుగుల్లోనూ ఉండాలి. సున్నం పాళ్లు, బెల్లం, కరక్కాయ ఎంత, ఎన్నాళ్లు నానబెట్టాలి అన్నది మేస్త్రీకి అర్థమయ్యేలా రాయాలి. సిమెంటు ధర దొరికినంత తేలిగ్గా గానుగ సున్నం పని ధర అధికారిక రేట్లలో దొరకదు కాబట్టి ఆ అంచనా ఎలా వేశారో విడమరచాలి. చివర ఏటేటా చేయవలసిన చిన్న పనుల పట్టిక ఉండాలి: మిద్దె తూములు తీయడం, గోడల్లో మొలిచిన రావి మొక్క వేరు ముదరకముందే పెరకడం, పగిలిన పెంకు మార్చడం. ఎవరు చేస్తారంటే, విజయవాడలో ప్రణాళిక, వాస్తుశిల్ప జాతీయ సంస్థ ఉంది, హైదరాబాదులో ఆ విద్యకు విశ్వవిద్యాలయం ఉంది, పిల్లలకు ఏటా క్షేత్ర అధ్యయనాలు తప్పవు. అనుభవజ్ఞుడైన ఒకరి పర్యవేక్షణ ఖర్చు, పిల్లల బస, భోజనం, ముద్రణ కలిపితే ఒక కట్టడానికి అయ్యేది ఒక స్వాగత తోరణం ఖర్చులో కొద్ది భాగం.

తోరణాల మాట ఎందుకు వచ్చిందంటే, మన ఊళ్లకు విదేశాల నుంచి వచ్చే డబ్బు ఎక్కువగా అటే పోతోంది. ఇచ్చినవారి పేరు శిలాఫలకం మీద చెక్కిస్తాం. కొలతల పుస్తకానికి శిలాఫలకం ఉండదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ కూడా సామాజిక బాధ్యత ఖర్చు కిందికి వస్తుందని స్పష్టంగా రాసి ఉంది. కంపెనీలు అడిగేది మాత్రం ఫొటోకు పనికొచ్చే కట్టడం. దాతల స్వభావం మారుతుందని ఎదురుచూడటం కంటే, స్థానిక సంస్థకే ఒక చిన్న నికరమైన రాబడి ఉండటం మేలు.

ఆ రాబడి ఎలా ఉండవచ్చో ఈ గ్రంథాలయంలో కూర్చున్న మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం చందాలతో మొదలయ్యాయి. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయ ఉద్యమం చేశారు. ఆ ఉద్యమానికి 1960 గ్రంథాలయాల చట్టం ఆర్థికమైన ఆధారం ఇచ్చింది. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. ఎవరి మీదా బరువు కాని ఆ పైసలతోనే ఆరు దశాబ్దాలుగా శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి. ఆ విధానంలో చిల్లు ఎక్కడుందో కూడా మనకు తెలుసు. స్థానిక సంస్థలు వసూలు చేస్తాయి, గ్రంథాలయ సంస్థకు జమ చేయడంలో జాప్యం చేస్తాయి, బకాయిలు పేరుకుంటాయి. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాల్లో సాంస్కృతిక అంశాల అభివృద్ధి ఒకటి. ఆ అంశానికి పద్దు లేదు. ఇంటిపన్ను మీద రూపాయికి ఒక్క పైసా వేసి, అది జిల్లా స్థాయిలో విడి ఖాతాలో నేరుగా జమ అయ్యేలా చూస్తే, ప్రతి జిల్లాలో ఏటా కొన్ని కట్టడాల అధ్యయనానికి సరిపోతుంది. మొదటి గ్రాంటుకు పోటీ వద్దు, వాటా వద్దు. కొలరాడో దగ్గర తీసుకోవలసింది అదే.

ఒక పాలనాపరమైన విషయం మిగిలింది. దాన్ని చివరికి వదిలిపెట్టినా దాని మీదే చాలా ఆధారపడి ఉంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలై మార్చితో ముగుస్తుంది. మంజూరు ఉత్తర్వులు సాధారణంగా చలికాలంలో వస్తాయి, ఖర్చు ఎండల్లోపు అయిపోవాలి. ఆ నెలల్లో గోడలు పొడిగా ఉంటాయి. కప్పు ఎక్కడ కారుతుందో, నీరు ఎటు నిలుస్తుందో, ఏ పగులు నేల తడిసినప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ కనిపించదు. కట్టడాన్ని చదవాలంటే ఒక పూర్తి వానాకాలం దాని దగ్గర ఉండాలి. పగుళ్ల మీద గాజు పలకలు అతికించి జూన్‌లో ఒకసారి, నవంబరులో ఒకసారి చూడాలి. కాబట్టి ప్రణాళికా గ్రాంటు మే నెలలోగా చేతికి రావాలి, గడువు పద్దెనిమిది నెలలు ఉండాలి, మార్చి 31న మిగిలిన సొమ్ము వెనక్కి పోకూడదు. వినియోగ ధ్రువపత్రం అడిగే నిబంధనలో ఈ మూడు మినహాయింపులు చేర్చడానికి శాసనం అక్కరలేదు. ఒక ఉత్తర్వు చాలు.